ఆ తమ్మునికి వీడియోలు పంపుడు ఆపుండ్రి



పోస్టు పొడుగుంటది, ముందే చెప్తున్న. కొందరికి కోపం కూడా వస్తది. వచ్చినా సరే, చివరి దాకా చదివి తిట్టుండ్రి.

పోయిన ఆదివారం రాత్రి మన గ్రూపుల ఒక తమ్ముడు నాలుగు లైన్లు పెట్టిండు. డిగ్రీ సెకండ్ ఇయర్. మూడు బ్యాక్‌లాగ్‌లు. పుస్తకం తెరిస్తే అక్షరం ఎక్కుతలేదట, పొద్దున లేవబుద్ధి అయితలేదట. "నాల మోటివేషన్ సచ్చిపోయింది అన్నా. దీపావళి అయినంక అమ్మానాన్నతోని చెరుకు కొట్టుడుకు పోత. కనీసం వాళ్లకు ఒక చెయ్యి సాయమైతది" అని రాసిండు.

దాని కింద కామెంట్లు లెక్కపెట్టిన. నలభై ఒకటి. అందుల పంతొమ్మిది వీడియో లింకులు. ఎనిమిది "నెవర్ గివ్ అప్ బ్రో". ఆరు మాలావత్ పూర్ణ ఫోటోలు. నలుగురు "మీ అమ్మ చేతులు ఒక్కసారి చూసుకో" అని రాసిండ్రు. మిగిలిన నాలుగు దండం పెట్టే బొమ్మలు. ఏ సబ్జెక్టులు పోయినయి? స్కాలర్‌షిప్ పడ్డదా? రాత్రి ఎన్నింటికి పండుకుంటున్నవ్? మేస్త్రీ దగ్గర నీ పేరు మీద అడ్వాన్స్ తీసుకున్నరా? ఈ నాలుగు ప్రశ్నలల్ల ఒక్కటి కూడా నలభై ఒక్క మందిల ఎవ్వరూ అడగలే.

ఆ పంతొమ్మిది వీడియోలల్ల ఒకటి నేను పంపిందే. అందుకే ముందుగాల నన్ను నేను తిట్టుకునే ఈ పోస్టు మొదలుపెడుతున్న.

నేను చెప్పేది ఒక్కటే మాట. మన పిల్లలకు తక్కువైంది కసి కాదు, పట్టుదల కాదు. పని నిలబడేటట్టు చేసే ఏర్పాటు తక్కువైంది. ఆ ఏర్పాటు చెయ్యకుండా "మోటివేషన్ పెంచుకో" అనుడు, బండికి ఎద్దును కట్టకుండ చర్నాకోల ఊపినట్టే.

మాది సిర్గాపూర్ మండలంల ఒక తాండ. 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి జిల్లా అయినప్పుడే సిర్గాపూర్ మండలం అయింది. నల్లవాగు ప్రాజెక్టు మన మండలంలనే ఉంది. అయినా దసరా దాటిందంటే తాండల ఇండ్లకు తాళాలు పడతయి. ముసలోళ్లు, బడికి పోయే పిల్లలు మిగులుతరు. కొందరు ఎడ్లబండ్లు కట్టుకొని, కొందరు లారీలల్ల, ట్రాక్టర్లల్ల పోతరు. జహీరాబాద్ దిక్కు, కామారెడ్డి దిక్కు, బార్డర్ దాటి కర్ణాటక, మహారాష్ట్ర దిక్కు. 2022 ఫిబ్రవరి 21న నారాయణఖేడ్‌ల బసవేశ్వర, సంగమేశ్వర ఎత్తిపోతలకు శంకుస్థాపన చేసిండ్రు. నీళ్లు వస్తే వలస బంద్ అయితదని ఆనాడు మా నాయక్ తాత మస్తు సంబురపడ్డడు. ఆ నీళ్ల కోసం ఇంకా చూస్తనే ఉన్నం.

చిన్నప్పుడు నాలుగేండ్లు నేను కూడా ఆ గుడిసెలల్ల ఉన్న. కాబట్టి పని అంటే ఏందో మైకు పట్టుకున్న సార్ల దగ్గర నేర్చుకోలే, అక్కడ చూసిన. చలికాలం మూడు గంటలకు లేస్తరు. మా యాడికి ఆ టైంల ఎవ్వరూ స్పీచ్ ఇయ్యలే. "నువ్వు చెయ్యగలవ్" అని గోడ మీద రాసిపెట్టుకోలే. మరి ఎట్ల లేసేది?

ఒకటి, జోడి. మా బా కొడతడు, యాడి ఆకు తీసి మోపు కడతది. ఒకరు లేవకపోతే ఇంకొకరి పని ఆగుతది. ఇద్దరినీ కలిపి ఒక్క కత్తి కింద లెక్క. రెండు, సాళ్లు. తోట మొత్తం ఎవ్వరూ చూడరు. చూస్తే కండ్లు తిరుగుతయి. ఇయ్యాల ఈ చివర నుంచి ఆ చివరకు ఇన్ని సాళ్లు, అంతే. మూడు, లారీ. కొట్టిన చెరుకు ఎండితే తూకం తగ్గుతది, చక్కెర తగ్గుతది. అందుకే ఫ్యాక్టరీ ఆగనియ్యది. లారీ రాత్రి పన్నెండుకు వచ్చినా లేసి నింపాలె. నాలుగు, అడ్వాన్స్. వానకాలంల అప్పు తీర్చనీకి, పెండ్లికో, దవాఖానకో మేస్త్రీ దగ్గర తెచ్చిన పైసలు. టన్నుల లెక్కన అది తెగే దాకా ఇంటికి రానీకి లేదు.

ఈ నాలుగింటిల ఏది మోటివేషన్? ఒక్కటి కూడా కాదు. మనసు బాగున్నా బాగలేకున్నా పని నడిచేటట్టు అన్నీ అమర్చి ఉన్నయి, అందుకే నడుస్తది. కానీ ఆ అమరిక ఎవరి కోసం ఉంది? ఫ్యాక్టరీ కోసం, మేస్త్రీ కోసం ఉంది. మా యాడి కోసం లేదు. నడుం పట్టేస్తే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే "మన జాతి కష్టపడే జాతి, అది మన రక్తంల ఉంది" అని ఎవరన్నా స్టేజీ మీద అంటే నాకు మండుతది. రక్తంల లేదు అన్నా. అప్పుల ఉంది. మూడు గంటలకు లేపేది వంశం కాదు, వడ్డీ.

ఇగ హాస్టల్ సంగతి. ఏ హాస్టలో చెప్పను, మీ హాస్టల్ లెక్కనే ఉంటది. పోయినేడు మా దగ్గరకు ఒక మోటివేషన్ సార్ వచ్చిండు. గంటన్నర మాట్లాడిండు. సాకులు చెప్పేటోడు ఓడిపోయేటోడు అన్నడు. అందరం నిలబడి చేతులెత్తి "నేను సాధిస్త" అని మూడుసార్లు అరవాలె అన్నడు. అరిసినం. మంచిగనే అనిపించింది, అబద్ధం చెప్పను. ఒళ్లు జలదరించింది. ఆ రోజు రాత్రి పదింటిదాకా చదివిన కూడా.

రెండో రోజు పొద్దున మోటర్ కాలిపోయింది. బకెట్ నీళ్లకు లైను. స్టడీ హాల్ అని పేరుకు ఉన్న రూంల రెండు ట్యూబ్‌లైట్లు అప్పటికి నెల నుంచి వెలుగుతలేవు. సార్ వచ్చిన నాడు కూడా వెలగలే, వేరే దగ్గర నుంచి ఫోకస్ లైట్ తెచ్చిపెట్టిండ్రు, సార్ పోంగనే తీసుకపోయిండ్రు. ఫోకస్ లైట్‌తోని పాటు మా కసి కూడా పోయింది. నాలుగో రోజుకు అందరం ఎక్కడున్నోళ్లం అక్కడనే. ఒక్కటే తేడా. అంతకుముందు "చదువుతలేను" అనుకునేటోళ్లం. ఆ స్పీచ్ అయినంక "చదువుతలేను, ఎందుకంటే నేను ఓడిపోయేటోన్ని" అనుకునుడు మొదలైంది. గంటన్నరల మాకు మిగిలింది ఇదే.

లెక్క ఒకటి చెప్త, చూడుండ్రి. 2024 చివర్ల ప్రభుత్వం డైట్ చార్జీలు పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1500 ఉన్నది 2100 చేసిండ్రు. మంచిదే, అది కూడా అడగంగ అడగంగ అయింది. 2100ను ముప్పై రోజులకు పంచితే రోజుకు 70 రూపాయలు. టిఫిన్, పగటన్నం, రాత్రన్నం అన్నీ అండ్లనే. పెంచకముందు అదే 50 రూపాయలు. ఆ 50 రూపాయల తిండి తిన్న పిల్లగాడు మధ్యాహ్నం క్లాసుల కునుకు తీస్తే "ఇంట్రెస్ట్ లేదు" అని రాసుకున్నరు. ఇంట్రెస్ట్ కాదు సారూ, కడుపు.

ఇప్పుడు పూర్ణ ఫోటో పెట్టిన ఆరుగురికి. కోపం తెచ్చుకోకుండ్రి. పూర్ణ అంటే నాకు కూడా ప్రాణం. 2014 మే 25న, పద్నాలుగేండ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన కూలోళ్ల బిడ్డ. పక్కన ఆనంద్ కుమార్ కూడా ఎక్కిండు, ఆ పేరు మనం చాలాసార్లు మర్చిపోతం. కానీ "పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది, నువ్వు మూడు సబ్జెక్టులు ఎక్కలేవా" అంటున్నరు గదా, ఆమె ఎట్ల ఎక్కిందో ఎప్పుడన్నా పూర్తిగ చదివిండ్రా? గురుకులంల చేరింది. భువనగిరి గుట్ట మీద రాళ్లు ఎక్కుడు నేర్పిండ్రు. డార్జిలింగ్ తీసుకపోయి ట్రైనింగ్ ఇచ్చిండ్రు. లడఖ్ చలిల ఉంచి అలవాటు చేసిండ్రు. శేఖర్ బాబు లాంటి కోచ్ వెంట ఉన్నడు. ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ లాంటి ఆఫీసర్ వెనక నిలబడ్డడు. బూట్లు, బట్టలు, ఆక్సిజన్, షెర్పాలు అన్నీ ఉన్నయి. అంత ఏర్పాటు ఉన్నా ఎక్కుడు ఆమె ధైర్యమే, అందుల ఒక్క అణా తగ్గియ్యను. కానీ ఆ ధైర్యం నిలబడనీకి కింద ఒక మెట్టు కట్టిండ్రు. మీరు మెట్టు గురించి మాట్లాడకుండ శిఖరం ఫోటో ఒక్కటే పంపుతున్నరు. పూర్ణ కథ మన దగ్గర నిజంగ రుజువు చేసింది ఏందంటే, తాండ బిడ్డకు సరైన ఏర్పాటు ఇస్తే ప్రపంచంల ఎత్తైన కొండ కూడా చిన్నదే. మీరు దాన్ని తిప్పి "ఏమీ లేకున్నా ఎక్కాలె" అని చెప్తున్నరు. ఆమెను గౌరవించుడు ఇట్ల కాదు.

"అమ్మ చేతులు చూసుకో" అన్న నలుగురికి ఇంకా గట్టిగ చెప్పాలె. నేను చూసుకున్న. నా ఫోన్ల వాల్‌పేపర్ అదే పెట్టుకున్న, ఫస్ట్ ఇయర్ల. యాడి రెండు చేతులు. ఆకుకు కోసుకపోయిన గీతలు, ఎడమచేతి బొటనవేలు సగం గోరు లేదు. ప్రతిసారి ఫోన్ తెరిస్తే కనబడేది. ఏమైంది తెలుసా? నేను చదవలే. చదవకపోతే ఆ చేతులు చూడలేక ఫోన్ బోర్లేసేటోన్ని. ఇంటికి ఫోన్ చేసుడు తగ్గించిన, "ఎట్ల చదువుతున్నవ్ బేటా" అని అడిగితే ఏం చెప్పాలె అని. స్టాటిస్టిక్స్ పోయింది. పోయినందుకు ఇంకా సిగ్గు, సిగ్గుకు ఇంకా చదువుడు బంద్. తప్పు చేసినట్టు అనిపించుడు వేరు, పని చేయబుద్ధి అయ్యుడు వేరు. మొదటిది ఎక్కువైన కొద్దీ రెండోది చచ్చిపోతది. ఆ వాల్‌పేపర్ తీసేసిన రోజు నేను మా యాడిని మర్చిపోయిన రోజు కాదు, మళ్ల పుస్తకం తెరిసిన రోజు. మనలాంటి మొదటి తరం పిల్లలకు బరువు తక్కువేం లేదు. ఇంటిల అందరి అప్పు, అందరి ఆశ మన నెత్తి మీదనే ఉంటది. దాని మీద ఇంకో రాయి పెట్టి "లే, నడువ్" అంటరా?

ఇది నా ఒక్కని సొంత కవిత్వం అనుకోకుండ్రి. 2013ల సైన్స్ పత్రికల ఒక పరిశోధన వచ్చింది. ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో అనేటోళ్లు చేసిండ్రు. తమిళనాడుల 54 ఊర్ల 464 మంది చెరుకు రైతులను తీసుకున్నరు. చూడుండ్రి, అక్కడ కూడా చెరుకే. చెరుకు రైతుకు ఏడాదిల పైసలు ఒక్కసారే వస్తయి. కోతకు ముందు చేతిల ఏముండదు, కుదువ పెట్టుకునుడు, అప్పులు. కోత అయినంక జర నిమ్మలం. వాళ్లకు ఆలోచన, ధ్యాస చూసే పరీక్షలు రెండుసార్లు పెట్టిండ్రు. అదే రైతు, అదే మెదడు, కోతకు ముందు తక్కువ చేసిండు, కోత అయినంక ఎక్కువ చేసిండు. మధ్యల ఆయన చదువుకున్నది లేదు, మారింది లేదు. పైసల రంది ఒక్కటే తగ్గింది. పైసల రంది మెదడుల జాగ ఆక్రమిస్తది, మిగిలిన జాగలనే మిగతా పని నడవాలె అని వాళ్లు చెప్పిండ్రు.

ఇంకొకటి ఒడిశాల. ఆకులతోని విస్తర్లు కుట్టే కూలోళ్ల మీద చేసిండ్రు. అందరి కూలి ఒక్కటే, కానీ కొందరికి అండ్ల కొంత ముందే చేతిల పెట్టిండ్రు. పైసలు ముందు పడ్డోళ్లు తొందరగ కుట్టిండ్రు, తప్పులు కూడా తక్కువ చేసిండ్రు. ఎక్కువ ఇయ్యలే, ముందు ఇచ్చిండ్రు అంతే. ఆ తేడా బాగ లేనోళ్లల్లనే ఎక్కువ కనబడ్డది.

ఇప్పుడు మన సంగతికి రాండ్రి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025ల ప్రైవేటు కాలేజీలే బంద్ పెట్టినయి. యాజమాన్యాలే ఆగలేకపోతే, సర్టిఫికెట్లు ఇస్తరో ఇయ్యరో, పరీక్ష ఫీజు ఎక్కడి నుంచి తేవాలె అని రాత్రి లెక్కలేసుకునే పిల్లగాని మెదడుల ఎంత జాగ మిగులుతది? వాడు సోమరి కాదు. వాని మెదడు ఖాళీగ లేదు. రాత్రంతా పైసల లెక్క చేసి పొద్దున స్టాటిస్టిక్స్ లెక్క చెయ్యలేకపోతే మనం "మోటివేషన్ లేదు" అని పేరు పెడుతున్నం. పైసల రోగానికి స్పీచ్ మందు.

ఇక్కడిదాకా చదివి కొందరు అన్నలు సంబురపడుతుండొచ్చు. "అదే గదా మేం చెప్పేది, అంతా వ్యవస్థ తప్పు" అని. ఆగుండ్రి, మీ దగ్గరకు కూడా వస్తున్న. వ్యవస్థ మారాలె, అడగాలె, కొట్లాడాలె. కానీ వ్యవస్థ మారేలోపు మన తమ్ముడు పరీక్ష రాయాలె. అది నవంబర్ల, డిసెంబర్లనే ఉంటది. చెరుకు సీజన్ కూడా అప్పుడే. "అంతా వాళ్ల తప్పు" అని మంచం మీద పండుకొని రీల్స్ చూసుడు కూడా నేను చేసిన. దానివల్ల ఏ మంత్రికీ నష్టం కాలే. నా సబ్జెక్టే పోయింది. మోటివేషన్ సార్ చెప్పేది "అంతా నీ చేతులనే ఉంది". మీరు చెప్పేది "నీ చేతుల ఏం లేదు". రెండు మాటలు విన్నంక పిల్లగాడు చేసే పని ఒక్కటే: పండుకునుడు.

మరి మధ్యల ఏముంది? మా రూంల మేం నలుగురం చేసింది చెప్త. గొప్పది కాదు. చెరుకు తోట దగ్గర చూసిందే, మేస్త్రీని తీసేసి మిగతాది తెచ్చుకున్నం.

జోడి పెట్టుకున్నం. ఒక్కడు ఒక్కడే చదువుత అనుకుంటే చదవడు. నాకు స్టాటిస్టిక్స్ రాదు, నా జోడిగానికి ఇంగ్లిష్ రాదు. పొద్దున అయిదింటికి వాడు లేసి నన్ను లేపాలె, లేకపోతే నేను వాన్ని. స్టడీ హాల్ల లైట్లు లేవు కాబట్టి వరండల ఉన్న ఒక్క బల్బు కింద మెట్ల మీద కూసునేటోళ్లం. కలిసి చదివినట్టు కాదు, పక్కపక్కన కూసుండి ఎవనిది వాడు. పక్కన మనిషి ఉంటే ఫోన్ మీదికి చెయ్యి పోదు. పోయినా సిగ్గయితది.

సాళ్లు పెట్టుకున్నం. "ఇయ్యాల స్టాటిస్టిక్స్ చదవాలె" అనుకుంటే అది తోట మొత్తం చూసినట్టు. "ఈ రెండు లెక్కలు మళ్ల చెయ్యాలె" అంటే సాలు. అయిపోతే నోట్‌బుక్ వెనక పేజీల గీత గీసుడు. టన్ను చిట్టీ లెక్క. వారానికి ఎన్ని గీతలో చూసుకుంటే నేను ఎంత చేసిన్నో తెలుస్తది. అంతకుముందు ఎప్పుడూ "ఏం చెయ్యలే" అనే అనిపించేది, చేసిన రోజు కూడా.

మూడ్ కోసం చూసుడు బంద్ చేసినం. ఇది నాకు అన్నింటికన్నా ఆలస్యంగ అర్థమైంది. మనసు అయినంక మొదలుపెడుత అనుకునేటోన్ని. మా బా చలిల కత్తి పట్టినప్పుడు ఆయనకు కూడా మనసు లేదు, చేతులు వంగయి. పది గడలు కొట్టినంక ఒళ్లు వేడెక్కుతది. చదువు కూడా గట్లనే. మొదటి పదిహేను నిమిషాలు చేదే. మనసు ముందు రాదు, వెనక వస్తది.

ఆగుడు కూడా పెట్టుకున్నం. ఎడ్లకు కూడా నీళ్లు తాపి నీడకు కడతరు. నేను శని, ఆదివారాలు ఫంక్షన్ హాళ్లల్ల క్యాటరింగ్ పనికి పోయేటోన్ని. రాత్రి ఒంటిగంట, రెండు అయ్యేది. ఆ పైసలు అవసరమే, ఆపలేను. కానీ రాసి చూసుకుంటే ఒక్క రాత్రి పనికి తర్వాత రెండు రోజులు పోతున్నయి. సోమవారం నిద్ర, మంగళవారం తలనొప్పి. నెలకు ఎనిమిది రాత్రులు ఉన్నది మూడుకు తెచ్చిన. ఖర్చు తగ్గించుకున్న, ఒక అన్న దగ్గర పాత పుస్తకాలు తెచ్చుకున్న. ఏ వీడియోల కూడా "తక్కువ పని చెయ్" అని చెప్పరు. నా సబ్జెక్టు మాత్రం దానివల్లనే పాసైంది.

చివరిది, పైసల పనిని పైసల పని లెక్కనే చూసినం. స్కాలర్‌షిప్ పడలేదంటే "నా తలరాత" అనుకోకుండ, నలుగురం ఈ-పాస్ తెరిచి చూసినం. ఒకని రెన్యువలే కాలే, వానికి తెలవదు కూడా. ఇంకొకని అకౌంట్‌కు ఆధార్ లింకు లేదు. ఈ రెండు బ్యాంకుల, మీసేవల తిరిగితే అయ్యే పనులు. మిగిలిన ఇద్దరిది పైనుంచే రాలే, దానికి మేం చేసేది లేదు, కలిసి అడుగుడు తప్ప. ఏది మన చేతుల ఉంది, ఏది లేదు అని కాగితం మీద విడదీస్తేనే సగం రంది తగ్గింది. తలకాయల ఉన్నప్పుడు రెండూ ఒక్కటే ముద్ద లెక్క ఉంటయి.

ఇగ గ్రూపుకు నా విన్నపం. విన్నపమే గానీ జర గట్టిగనే.

ఎవరన్నా "నాతోని అయితలేదు" అని రాస్తే ముందు ప్రశ్న అడుగుండ్రి, తర్వాత మాట చెప్పుండ్రి. ఏ సబ్జెక్టు, ఏ కాలేజీ, పైసలు ఎక్కడ ఆగినయి, తింటున్నవా, పండుకుంటున్నవా. తర్వాత, మనల ఎవరు ఏ పేపర్ పాసైండ్రో లిస్టు పెడదాం. పాసైన అన్న, అక్క వారానికి ఒక గంట ఫోన్ల చెప్తే చాలు. ఆ గంట పంతొమ్మిది వీడియోల కన్నా బరువుంటది. స్కాలర్‌షిప్ ఆగినోళ్లందరి పేర్లు ఒక్క కాగితం మీద రాసుకొని సంగారెడ్డిల గిరిజన అభివృద్ధి అధికారి ఆఫీసుకు కలిసి పోదాం. మన దగ్గర ఐటీడీఏ లేదు, ఒక్కొక్కడు ఒక్కొక్క రోజు కూలి పోగొట్టుకొని పోతే పలకరించేటోడు ఉండడు. ముప్పై మంది పోతే కుర్సీ వేస్తరు. ఇంక హాస్టల్‌కు ఈసారి ఎవరన్నా స్పీచ్ ఇయ్యనీకి వస్తమంటే, వద్దనకుండ్రి. రెండు ట్యూబ్‌లైట్లు పట్టుకొని రమ్మనుండ్రి.

చివరికి తమ్మునికి.

తమ్మీ, చెరుకు కొట్టుడు నామోషీ కాదు. ఆ పైసలతోనే నేను ఈ అక్షరాలు నేర్చుకున్న. నువ్వు పోత అంటే నిన్ను పిరికోడు అనేటోన్ని నేను కాదు. అమ్మానాన్నకు సాయం చేద్దామనుకునుడు మంచి మనసు. కానీ ఒక్కటి ఆలోచించు. నీ పేరు మీద అడ్వాన్స్ ఇంకా పడలేదంటే, దారి తెరిచే ఉంది. ఒక్కసారి పడ్డదంటే, ఈ సీజన్ పరీక్షలు పోతయి. వచ్చే వానకాలం మళ్ల అప్పు, మళ్ల అడ్వాన్స్. మా పెద్దన్న "ఒక్క ఏడాదే" అని పోయిండు. అది ఇప్పటికి తొమ్మిదో ఏడాది. ఆయన నాకన్నా తెలివిగలోడు, లెక్కలల్ల క్లాస్ ఫస్ట్ వచ్చేటోడు. ఆయనకు మోటివేషన్ తక్కువై పోలే. ఆ నాడు ఆయనను ఆపి "అడ్వాన్స్ ఎంత, ఫీజు ఎంత, రా లెక్కేద్దాం" అని అడిగినోడు లేడు.

నేను అడుగుతున్న. అడ్వాన్స్ తీసుకున్నరా లేదా, నాకు మెసేజ్ పెట్టు. నీ మూడు సబ్జెక్టులల్ల స్టాటిస్టిక్స్ ఉంటే అది నాది, ఎందుకంటే అండ్ల నేను ఒకసారి తప్పి పాసైనోన్ని, ఎక్కడెక్కడ పడతమో నాకు తెలుసు. మిగతా రెండు ఎవరు తీసుకుంటరో ఈ పోస్టు కింద పేరు రాయుండ్రి. బొమ్మలు వద్దు, పేరు రాయుండ్రి.

రేపు పొద్దున అయిదింటికి ఫోన్ చేస్త తమ్మీ. లేవబుద్ధి కాకున్నా ఎత్తు. మాట్లాడకున్నా ఏం కాదు. నువ్వక్కడ, నేనిక్కడ, ఫోన్ పక్కన పెట్టుకొని ఒక్క సాలు చేద్దాం.

జై సేవాలాల్.